సర్కారు మాట – పల్లె చెవి



విత్తనం గురించీ, ఎరువు గురించీ, పురుగుమందు గురించీ మనం తరచు చెప్పుకుంటూనే వుంటాం. యివాళ మరొక సంగతి చెప్పుకుందాం. ఆ విత్తనం గురించి మనకు చెప్పే నోరు ఎవరిది? ప్రభుత్వం తలపెట్టిన పని మన చెవిదాకా ఏ దారిన వస్తూంది? వచ్చిన ప్రతి మాటనూ నమ్మాలా, నమ్మకూడదా? యీ ప్రశ్నలకు జవాబు చరిత్రలోనే వుంది. మరెక్కడికో పోనక్కరలేదు. మన కృష్ణా దిగువ డెల్టాలోనే చూడవచ్చు.

శ్రీకాకుళం అనగానే కొందరు ఉత్తరాన వున్న జిల్లా అనుకుంటారు. నేను చెప్పేది ఘంటసాల పక్కన, కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు కోవెల వున్న మన శ్రీకాకుళం. ఘంటసాలలో బౌద్ధుల నాటి ప్రాకృత శాసనాలు దొరికినయి. శాసనం అన్న మాట చూడండి. రాజుగారి ఆజ్ఞా శాసనమే, ఆ ఆజ్ఞ చెక్కిన రాయీ శాసనమే. ఆ రోజుల్లో ప్రభుత్వం మాటకు పత్రిక అదే. పాత గుళ్లలో దానశాసనాల చివర, యీ ధర్మం చెడగొట్టినవాడికి ఫలానా పాపం తగులుతుందని రాసేవారు. అంటే రాతిమీద వున్న మాట ప్రజలనే గాదు, తరువాత వచ్చే పాలకుణ్ణి కూడా కట్టిపడేసేది. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ చివర అవసరం వస్తుంది.

రాయి అందరూ చదవలేరు. అందుకని దండోరా వచ్చింది. టముకు కొట్టి, వీధి మొగలో నిలబడి, శిస్తు కట్టాలనో, కాలవ మరమ్మతుకు రావాలనో కేకవేసి చెప్పేవారు. టముకు చెప్తుంది, వినదు. మీరు ఎదురు ప్రశ్న అడిగితే టముకు కొట్టేవాడు ఏం చెప్పగలడు? పైవాళ్లు చెప్పమన్నారు, చెప్పాను అంటాడు. యీ ఒక్క లోపమే తరువాత వచ్చిన పెద్ద పెద్ద యంత్రాలను కూడా పట్టి పీడించింది.

1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నుంచి 1945 దాకా ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులు. సర్కారు గెజిట్లు సర్కారు మాట చెప్తుంటే, కృష్ణాపత్రిక ప్రజల మాట చెప్పింది. ఆ రోజుల్లో అది తేలిక పని గాదు. 1908లోనే బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జైలుకు వెళ్లారు. ఎదురు మాట చెప్పేవాడు వున్నప్పుడే వినేవాడికి రెండు వైపులా తెలుస్తయి. పంచాయతీలో ఒకే కక్షిదారు మాట విని తీర్పు చెప్పగలమా?

తరువాత రేడియో వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం పెట్టారు. మరుసటి ఏడే యుద్ధం. యుద్ధకాలంలో రేడియో పూర్తిగా సర్కారు నోరు అయిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసినయి. ఆ నెలలోనే మద్రాసు ప్రభుత్వం తన ఆఫీసులను లోపలి వూళ్లకు తరలించింది. భయపడవద్దని ఒక నోటితో చెప్తూ, తానే పెట్టే బేడా సర్దుకుంటే జనం ఏ మాట నమ్ముతారు? నోటి మాట గాదు, చేసే పనినే నమ్ముతారు. పట్నాలకు పట్నాలు ఖాళీ అయినయి.

ఆ ఏడే బర్మా జపాను వశమై, అక్కణ్ణుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. అప్పుడు ‘అధికాహారోత్పత్తి’ వుద్యమం మొదలైంది. గోడలమీద ప్రకటనలు, పత్రికల్లో ప్రకటనలు, రేడియోలో ప్రసంగాలు. ఎక్కువ పండించండి, ఎక్కువ పండించండి! కాని అదే సమయంలో ధాన్యం సేకరణ, కంట్రోలు ధర, రేషను కూడా వున్నయి. రైతు చెవికి ‘ఎక్కువ పండించు’ అన్న మాట ‘ఎక్కువ అప్పజెప్పు’ అన్నట్టు వినబడింది. అందులో రైతు తప్పేముంది? మద్రాసు రాష్ట్రంలో ఆ కంట్రోళ్లు 1952లో రాజాజీగారు ముఖ్యమంత్రిగా వుండగా ఎత్తేశారు. అదే సంవత్సరం, యీ వుద్యమం ఫలితాలను విచారించిన సంఘం ఒక మంచి మాట చెప్పింది. పల్లె జీవితంలో అన్ని సమస్యలూ ఒకదానితో ఒకటి ముడిపడి వున్నయనీ, వూళ్లో రైతు పక్కన నిలబడి పనిచేసే విస్తరణ యంత్రాంగం కావాలనీ. ప్రకటనల వల్ల పంట పండదని సర్కారే ఒప్పుకున్నదన్నమాట! 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలూ, 1953లో జాతీయ విస్తరణ సేవా వచ్చినయి. గ్రామసేవకుడు సైకిలెక్కి మన వూరికి వచ్చింది ఆ విధంగానే.

యీలోగా 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలైంది. గుడివాడ, బందరు, దివిసీమ పల్లెలకు మన యాసలో, మన మాటలో వినబడే గొంతు అప్పుడు వచ్చింది. పంచాయతీ ఆఫీసు దగ్గర అందరికీ వినబడేట్టు ఒక పెట్టె పెట్టేవారు. సాయంత్రం పొలంనుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగుమీద చేరేవారు. బ్యాటరీ అయిపోతే మాత్రం మళ్లీ వచ్చేదాకా ఆ పెట్టె మూగదే. పెట్టె పెట్టటం ఒక రోజు పని, దాన్ని పలికిస్తూ వుండటం ఏడాది పొడుగునా వుండే పని.

అయితే పెట్టె పలికినంత మాత్రాన పని అవుతుందా? దీన్ని తేల్చటానికి 1956లో పూనాలో ఒక పరీక్ష చేశారు. యునెస్కో సాయం చేసింది. అప్పటి బొంబాయి రాష్ట్రంలో అయిదు జిల్లాల్లో, సుమారు నూటయాభై వూళ్లలో, వూరికి యిరవై మంది చొప్పున రైతులను చేర్చి శ్రోతల సంఘాలు పెట్టారు. వారానికి రెండుసార్లు ప్రసారం, మొత్తం యిరవై ప్రసారాలు. విన్న తరువాత రైతులు అక్కడే కూర్చుని చర్చించాలి. సందేహాలు కేంద్రానికి రాసి పంపాలి. తరువాతి ప్రసారంలో వాటికి జవాబు చెప్పాలి. యీ పద్ధతి కొత్తది గాదు, 1941లో కెనడా రైతుల కోసం మొదలుపెట్టిన దాన్ని చూసి తెచ్చుకున్నదే. ఫలితం ఏమిటి? సంఘాలున్న వూళ్లలో రైతులు బాగా నేర్చుకున్నారు. రేడియో మాత్రం వుండి సంఘం లేని వూళ్లలో అంతగా నేర్చుకోలేదు. రెండూ లేని వూళ్లు యింకా వెనకబడినయి. అంటే పల్లెకు మేలు చేసింది పెట్టె ఒక్కటే గాదు. పెట్టె ముందు కూర్చుని రైతు నోరు విప్పటం. టముకుకు లేని చెవి యిక్కడ వచ్చింది. 1959లో యీ సంఘాలను దేశమంతటా పెట్టాలని నిశ్చయించారు. మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే.

యిక విత్తనాల సంగతి. 1960ల మధ్యలో తమిళనాట తంజావూరు జిల్లాలో ఆడుతురై పరిశోధన కేంద్రంవారి ఏడీటీ 27 అనే వరి వచ్చింది. తిరుచిరాపల్లి రేడియో దాన్ని గూర్చి ఎంతగా చెప్పిందంటే, రైతులు దానికి ‘రేడియో వరి’ అని పేరు పెట్టేశారు. ఆకాశవాణి చరిత్రలో యీ మాట గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. కాని కథకు రెండో వైపు మన డెల్టాలో వున్నది. 1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8 విడుదల చేసింది. పొట్టి మొక్క, ఎరువు ఎంత వేసినా పడిపోదు, దిగుబడి ఎక్కువ. అధిక దిగుబడి వంగడాల పథకం కింద దాన్ని బాగా ప్రచారం చేశారు. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాని గింజ లావు, అన్నం బాగుండదు, బజార్లో ధర తక్కువ. యీ సంగతి ప్రచారంలో చిన్నగా చెప్పేవారు, రైతుకు మాత్రం పెద్దగా తగిలింది. మరొక వైపు మసూరి అనే రకం వున్నది. అధికారులు జరిపిన పరీక్షల్లో అది నెగ్గలేదు. ఏ ప్రకటనా లేకుండా, ఏ ప్రసంగమూ లేకుండా, ఆంధ్ర రైతుల చేతినుంచి చేతికి, బంధువుల యింటినుంచి బంధువుల యింటికి పోయి పొలాలను ఆక్రమించుకున్నది. తరువాత శాస్త్రజ్ఞులే ఆ మసూరిని తల్లిదండ్రుల్లో ఒకటిగా తీసుకుని మార్టేరులో స్వర్ణ తయారుచేసి 1982లో విడుదల చేశారు. రేడియో రైతుకు నేర్పింది, రైతు శాస్త్రజ్ఞుడికి నేర్పాడు. రెండూ జరిగినప్పుడే గదా వ్యవసాయం ముందుకు సాగుతుంది!

ఒక చేదు రోజూ చెప్పుకోవాలి. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. పత్రికలకు సెన్సారు పెట్టారు. రేడియోలో సర్కారుకు నచ్చిన మాటే వినబడింది. కుటుంబ నియంత్రణ మంచి కార్యక్రమమే. కాని బలవంతం జరిగిన చోట ఆ బలవంతం గురించి చెప్పే గొంతు లేకుండా పోయింది. అందువల్ల పథకానికే చెడ్డపేరు వచ్చింది. 1977లో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది. రేడియోకు స్వతంత్రత యివ్వాలని వర్గీజుగారి సంఘం 1978లో సలహా చెప్పింది. ప్రసారభారతి చట్టం 1990లో వచ్చి, 1997లోగాని అమలు కాలేదు.

మాట నమ్మటం, నమ్మకపోవటం అన్నది ప్రాణాలమీదికి ఎట్లా వస్తుందో దివిసీమకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. 1977 నవంబరు 19. తుఫాను హెచ్చరికలు వెలువడినయి. అయినా చాలాచోట్ల జనం యిళ్లు వదలలేదు. తుఫాను అంటే గాలీ వానా అనుకున్నారు. సముద్రం లేచి మైళ్ల కొద్దీ లోపలికి వస్తుందని వాళ్ల కళ్లకు కట్టేట్టు చెప్పినవారు లేరు. ఎక్కడికి పోవాలో చూపించినవారూ, బండి పెట్టి తీసుకుపోయినవారూ తక్కువ. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో వూళ్లకు వూళ్లు కొట్టుకుపోయినయి. సొర్లగొంది పేరు చెప్తే యిప్పటికీ ఆ తరంవారి కళ్లు చెమ్మగిలుతయి. చనిపోయినవారు పదివేలకు పైమాటే.

తరువాత 1990 మే 9న దాదాపు అదే తీరానికి మళ్లీ పెను తుఫాను వచ్చింది. అప్పటికి వుపగ్రహం ద్వారా హెచ్చరికను నేరుగా తీరంలోని వూళ్లకు పంపే యంత్రాలు పెట్టారు. తుఫాను షెల్టర్లు కట్టారు. రేడియో చెప్పింది, చెప్పిన వెంటనే మనిషి గుమ్మంలోకి వచ్చి పదమన్నాడు, యెక్కటానికి బండి వున్నది. ఆరు లక్షల మందికి పైగా లోపలికి చేరారు. యీసారి చనిపోయినవారు వెయ్యి లోపు. ఒక్క ప్రాణం పోయినా నష్టమే, కాని 1977తో పోల్చి చూడండి. మాట వెనుక చేత వుంటే ఫలితం యింత తేడాగా వుంటుంది.

విస్తరణ శాఖ మిత్రులారా, ఫోనులోగాని, టీవీలోగాని, రేపు మరో కొత్త యంత్రంలోగాని మీరు సర్కారు పథకం గురించి చెప్పేటప్పుడు లాభంతోపాటు నష్టం కూడా చెప్పండి. గింజ లావని ముందే చెప్పినవాణ్ణి రైతు పదేళ్లయినా నమ్ముతాడు. రైతు అడిగిన ప్రశ్నను పైకి పంపి, జవాబు తెచ్చి యివ్వండి. తేలేకపోతే తేలేకపోయానని చెప్పండి.

రైతు సోదరులారా, మీకు కొత్త మాట వినబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చెప్తున్నారు? దీనివల్ల వాళ్లకేమిటి, నాకేమిటి? చెప్పనిదేమిటి? తిరిగి అడిగితే జవాబిచ్చేవారు వున్నారా? జవాబు దొరికితే ముందు అర ఎకరంలో చేసి చూడండి. కాని సముద్రం పొంగుతున్నదన్న హెచ్చరిక వస్తే మాత్రం చేసి చూడటానికి వ్యవధి వుండదు, అప్పుడు ముందు కదలండి, ప్రశ్న తరువాత అడగండి. ఆ ఒక్క గడియలో మీరు కదలాలంటే, మిగిలిన రోజులన్నిటిలో సర్కారు నిజమే చెప్పి వుండాలి.

రాతిమీద చెక్కిన మాట చెక్కించినవాణ్ణి కూడా కట్టేసేదని మొదట చెప్పుకున్నాం గదా. గాలిలో వచ్చే మాటకు ఆ కట్టు వేయవలసినవారు మీరే. విన్నది గుర్తు పెట్టుకుని, మరుసటి పంటకు నిలదీసి అడగండి.