1892లో వయోమింగు రాష్ట్రపు ఓటు

స్త్రీలకు ఓటిచ్చినచో ఇల్లాండ్రందఱు నొక్క పక్షమున జేరుదురని కొందఱును, కాదు, భర్త చెప్పినవారికే వేయుదురని కొందఱును వాదించుట మేము వినియున్నాము. ఈ వాదమునకు జవాబు వెదకువారు అమెరికాలోని వయోమింగను చిన్న రాష్ట్రము 1892లో ఓటు వేసిన తీరు తెలిసికొనదగినది.

వయోమింగు కొండలును పచ్చికబయళ్లును గల సీమ. 1869లో అది యింకను రాష్ట్రము కాలేదు. జనసంఖ్య తొమ్మిదివేల ప్రాంతము. వయసు వచ్చిన ఆర్గురు పురుషులకు స్త్రీ యొకతె. ఆ యేట డిసెంబరు 10వ తేదీన స్త్రీల కోటు హక్కు నిచ్చు శాసనముపై గవర్నరు క్యాంబెలు సంతకము చేసెను. న్యాయబుద్ధి యొక్కటియే దీనికి కారణమని చెప్పజాలము. స్త్రీలను వలస రప్పింపగోరినవారు కొందఱు. వేఱు పక్షమువాడైన గవర్నరును చిక్కున బెట్టుటకై చేతులెత్తినవారు కొందఱు. రెండేండ్లకే, 1871లో, శాసనసభవారు ఆ హక్కును రద్దు చేయబూనగా ఆ గవర్నరే యడ్డుపడెను. పరిహాసమునకు నాటిన మొక్కయు వేరు పాఱును గదా!

1890లో వయోమింగును రాష్ట్రముగా జేర్చుకొను ప్రస్తావన రాగా, స్త్రీల ఓటు చూచి కాంగ్రెసులో పలువురు వ్యతిరేకించిరి. ప్రతినిధిసభలో బిల్లు 139కి 127 ఓట్లతో గట్టెక్కెను. జూలై 10వ తేదీన దానిపై సంతకము చేసిన అధ్యక్షుడు బెంజమిను హారిసను. 1807లో న్యూజెర్సీ తన స్త్రీల హక్కును తీసివేసిన పిమ్మట, అధ్యక్షుని ఎన్నికలో స్త్రీలు ఓటు వేసిన రాష్ట్రము 1892లో మొదట నిదియే.

ఆ యేడు అక్కడ నెమ్మది లేదు. ఏప్రిలులో పెద్ద పశుస్వాములు, చిన్న కాపులను దొంగలని నిందించి, టెక్ససునుండి తుపాకివాండ్రను కూలికి దెచ్చి జాన్సను మండలముపై దండెత్తిరి. ఇద్దఱు చంపబడిరి. మండలప్రజలు తిరుగబడి దండువారిని ముట్టడింపగా, హారిసను ఆజ్ఞపై వచ్చిన సైన్యము వారిని ప్రాణములతో గొనిపోయెను. ఒక్కనికిని శిక్ష పడలేదు. ఆ పశుస్వాములకు హారిసను పక్షమైన రిపబ్లికనులతో గల చెలిమి యెల్ల రెఱిగినదే.

నవంబరు 8వ తేదీన ఎన్నిక జరిగెను. గవర్నరు పదవిని జనులు డెమోక్రాటు ఆస్బోర్నున కిచ్చిరి. అధ్యక్షపదవికి మాత్రము హారిసనునకు 8,454 ఓట్లును, కాపుల పక్షమగు పాప్యులిస్టుల వీవరునకు 7,722 ఓట్లును వచ్చెను. డెమోక్రాటులు తమ యభ్యర్థి నచ్చట నిలుపక వీవరునకే తోడ్పడిరి. ఒకే దినమున ఒకే జనము ఒక పక్షమును రాష్ట్రమున ద్రోసివేసి, ఆ పక్షపు నాయకునే పైకెత్తినది.

తమ హక్కుతో రాష్ట్రమును జేర్చుకొన్న హారిసనునెడ స్త్రీలు చూపిన కృతజ్ఞత యిదియని యెవరైన ననవచ్చును. మేము నమ్మము. పెట్టెలో బడిన చీటికి ఆడు మగ గుర్తు లేదు. పైగా ఆ సీమలో పురుషులే యధికులు. హారిసనునకు వచ్చిన మూడు ఎలెక్టరు ఓట్లును ఆయనను నిలుపలేదు. దేశమున క్లీవ్లెండు గెలిచెను. నాలుగేండ్లకు, 1896లో, వయోమింగు స్త్రీపురుషులు హారిసను పక్షమును విడిచి బ్రయనును గెలిపించిరి.