కాఫీ హౌస్ సర్వర్లే ఓనర్లు అయిన కథ

పోయిన వారం మా రూమ్‌లో "చదువయ్యాక ఉద్యోగమా, సొంత షాపా" అని అర్ధరాత్రి దాకా ఒకటే గొడవ. ఉద్యోగం రాకపోతే అప్పు చేసి షాపు పెట్టుకోవడమే, ఇంకో దారి లేదన్నారు అందరూ. కానీ ఇంకో దారి ఉంది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

1930లలో కాఫీ గింజలు అమ్ముడుపోక ధర పడిపోయింది. మన జనానికి కాఫీ అలవాటు చేయాలని కాఫీ సెస్ కమిటీ ఇండియా కాఫీ హౌస్‌లు తెరిచింది. మొదటిది 1936లో, బొంబాయి చర్చ్‌గేట్‌లో. తర్వాత అవి కాఫీ బోర్డు చేతికి వచ్చాయి. 1950ల మధ్యలో బోర్డు వాటిని మూసెయ్యడం మొదలుపెట్టింది. సర్వర్లు, వంటవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు రోడ్డున పడ్డారు.

అప్పుడు కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ వాళ్ళ వెనక నిలబడ్డాడు. హోటళ్ళు మీరే తీసుకోండి, మీరే నడపండి అన్నది ఆయన దారి. 1957 ఆగస్టు 19న బెంగళూరులో మొదటి కార్మికుల సహకార సంఘం పుట్టింది. అక్టోబర్ 27న ఢిల్లీలో మొదటి హోటల్ తెరిచారు. పేరు కొంచెమే మార్చారు: "ఇండియా" పోయి "ఇండియన్ కాఫీ హౌస్" అయింది. 1958 మార్చి 8న త్రిస్సూర్‌లో తెరిచారు.

నన్ను పట్టుకున్న విషయం ఏంటంటే, సహకార సంఘంలో మనిషికి ఒకటే ఓటు. గిన్నెలు కడిగే అన్నకీ ఒకటే, గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాయనకీ ఒకటే. నిన్నటిదాకా "ఒరేయ్" అనిపించుకున్న మనిషి సభ్యుడు అయ్యాడు.

అన్నీ బాగానే నడిచాయని చెప్పను. బెంగళూరు ఎంజీ రోడ్డులోది 2009లో చోటు ఖాళీ చేసి చర్చ్ స్ట్రీట్‌కి వెళ్ళాల్సొచ్చింది. వ్యాపారం వాళ్ళదే, బిల్డింగ్ మాత్రం వేరేవాళ్ళది.

ఇక మన సంగతి. షావుకార్ల దోపిడీ నుంచి కాపాడ్డానికి 1956లో, అంటే కాఫీ హౌస్ సంఘాలకి ఒక్క ఏడాది ముందు, విశాఖలో జీసీసీ పెట్టారు. దాని మేలు కాదనను. కింద గిరిజన సంఘాలున్నా, పైన పగ్గాలు ప్రభుత్వానివే. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ ఏటా కాఫీ పళ్ళు కోస్తుంది. ఆ గింజని ఎక్కడ వేయిస్తారో, కప్పు ఎంతకి అమ్ముతారో ఆమె ఎప్పుడూ చూడలేదు.

సీనియర్ అన్నలూ, అక్కలూ, మీలో ఎవరైనా పదిమంది కలిసి సంఘం నడిపి ఉంటే కింద రాయండి. తలా ఎంత వేసుకున్నారు? లెక్కలు ఎవరు రాశారు? గొడవ ఎక్కడ వచ్చింది? మా రూమ్‌లో ఐదుగురం ఎదురుచూస్తున్నాం.