ఆరోగ్యశ్రీ వచ్చింది.. సర్కారు దవాఖానాకు ఏమొచ్చింది?

మహబూబ్‌నగర్: ఇంట్లో ఒకరికి గుండెజబ్బో, క్యాన్సరో సోకితే పొలం పుట్రా తెగనమ్ముకోవడం మినహా నిరుపేదకు మరో దారి ఉండేది కాదు. ఈ దుస్థితిని తప్పించేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీకి శ్రీకారం చుట్టింది. 2007 ఏప్రిల్ 1న తొలివిడతగా మూడు జిల్లాల్లో దీనిని ప్రారంభించారు. అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మహబూబ్‌నగర్‌కూ అందులో చోటు దక్కింది. 2008లో పథకం రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్లకార్డు గల కుటుంబానికి ఏడాదికి రూ.1.5 లక్షలు, అవసరమైతే అదనంగా రూ.50 వేల వరకు వైద్యం ఉచితమన్నారు. తెలంగాణలో ఈ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. పేదలకు ఊరటనిచ్చిన ఈ బీమా ప్రభుత్వ ఆసుపత్రులను బలపరిచిందా? బలహీనపరిచిందా?

రోగి వెంటే సొమ్ము

ప్రభుత్వ ఆసుపత్రికి బడ్జెట్ నిధులు రోగుల సంఖ్యతో నిమిత్తం లేకుండా వస్తాయి. ఆరోగ్యశ్రీలో అలా కాదు. ఒక్కో చికిత్సకు నిర్ణీత ధర ఉంటుంది. ముందస్తు అనుమతి పొంది, వైద్యం పూర్తిచేసి, పత్రాలు సమర్పించిన ఆసుపత్రికే ఆ మొత్తం చేరుతుంది. జాబితాలోని ఆసుపత్రుల్లో దేనికి వెళ్లాలన్నది రోగి ఇష్టం. గుండె, మెదడు, మూత్రపిండాల శస్త్రచికిత్సలకు జిల్లా కేంద్రాల్లో నిపుణులు గానీ, పరికరాలు గానీ లేకపోవడంతో రోగులు హైదరాబాద్ బాట పట్టారు. ఫలితంగా పథకం నిధుల్లో సింహభాగం ప్రైవేటు ఆసుపత్రులకే చేరింది.

సర్కారుకూ అవకాశం

ప్రభుత్వ ఆసుపత్రులు కూడా ఈ నిధులు పొందవచ్చు. వచ్చిన మొత్తంలో కొంత వైద్యులు, సిబ్బందికి ప్రోత్సాహకంగా, మిగిలినది ఆసుపత్రి అవసరాలకు వినియోగిస్తారు. అయితే శస్త్రచికిత్స నిపుణుడు, మత్తు వైద్యుడు, ఆపరేషన్ థియేటర్.. ఈ మూడింటిలో ఏది కొరవడినా రోగిని బయటికి పంపక తప్పదు. వైద్యం చేసినా కేసును పథకం కింద నమోదు చేయకుంటే ఆసుపత్రికి పైసా రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 133 చికిత్సలను ప్రత్యేకించి ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. గర్భసంచి తొలగింపు వంటి శస్త్రచికిత్సలు ప్రైవేటులో అనవసరంగా జరుగుతున్నాయన్న ఆందోళన అప్పట్లో బలంగా ఉండేది.

కార్డు చేరని చోట

సాధారణ జ్వరం, దగ్గు, రోజూ వాడే బీపీ, షుగర్ మాత్రలు.. వీటికి ఆరోగ్యశ్రీ వర్తించదు. ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడే కూలీకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రులే దిక్కు. అంతేకాదు, బకాయిలు చెల్లించలేదంటూ 2025లో ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసినప్పుడు కార్డుదారులకు సర్కారు దవాఖానాయే ఆసరా అయింది. ఉమ్మడి జిల్లాలో మహబూబ్‌నగర్‌కు 2016లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు 2022లో, గద్వాల, నారాయణపేటలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వీటి అనుబంధ ఆసుపత్రుల్లో నిపుణుల పోస్టులు పూర్తిగా భర్తీ అయితే బీమా సొమ్ములో మరింత భాగం జిల్లాలోనే నిలుస్తుంది. రోగి బంధువులకు రాజధానిలో బస, భోజనం ఖర్చులూ తప్పుతాయి.

రోగులు గమనించాల్సినవి

* హైదరాబాద్ బయలుదేరే ముందు, ఆ చికిత్స జిల్లా ఆసుపత్రిలో ఉందేమో ఆరోగ్యమిత్రను అడగాలి.

* ఆహారభద్రత కార్డు, ఆధార్, పాత వైద్య పరీక్షల నివేదికలు వెంట ఉంచుకోవాలి.

* అత్యవసరమైతే ఫోన్ అనుమతితోనూ చికిత్స మొదలుపెట్టే వీలుంది.

* పథకంలోని చికిత్సకు డబ్బు అడిగితే చెల్లించకుండా 104కు ఫిర్యాదు చేయాలి.

కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన వైద్యం అందదు. ఊరికి దగ్గరలోని ఆసుపత్రిలో వైద్యుడు కూడా ఉండాలి.