మంచు కింద చేప చోటు

చలికాలంలో ఉత్తర అమెరికా సరస్సులు గడ్డకట్టాక జనం ఆ మంచు మీద నడిచి వెళ్లి, గుండ్రటి బెజ్జం దొలిచి, అందులోంచి గాలం వదిలి వాల్‌ఐ అనే చేపను పడతారు. ఇప్పుడు ఆ బెజ్జంలోకి గాలం కంటే ముందు దిగేది ఒక చిన్న యంత్రానికి వేలాడే బిళ్ల. అది నీళ్లలోకి శబ్దాన్ని పంపుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి అడుగు ఎంత లోతులో ఉందో, మధ్యలో చేప ఉందో లేదో యంత్రం చూపిస్తుంది. దీని పుట్టుక వెతుక్కుంటూ పోతే ఒక ముచ్చటైన సంగతి తేలుతుంది: దీని తాతముత్తాతలను తయారుచేసింది చేప కోసం కాదు, మంచు కోసం. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మంచుకొండను గుద్దుకుని మునిగాక, అలాంటి కొండలను ముందే పసిగట్టే దారి వెతికినవాళ్లలో జర్మనీలోని కీల్ నగరానికి చెందిన అలెగ్జాండర్ బేమ్ ఒకడు. మంచు నుంచి అతను ఆశించినట్టు ప్రతిధ్వని రాలేదు. సముద్రపు అడుగు నుంచి మాత్రం చక్కగా వచ్చింది. 1913లో అతను పేటెంటు తీసుకున్నది లోతు కొలిచే పద్ధతికే. మరుసటి ఏడాది, కెనడాలో పుట్టిన రెజినాల్డ్ ఫెస్సెండెన్ ఏప్రిల్ 27న మయామీ అనే అమెరికా ప్రభుత్వ నౌక మీద నుంచి సుమారు రెండు మైళ్ల దూరంలోని మంచుకొండ ప్రతిధ్వనిని పట్టగలిగాడు. అతని పరికరానికి కూడా అడుగు ప్రతిధ్వని వచ్చింది. అంటే ఈ యంత్రానికి మొదటి నుంచీ వచ్చిన విద్య లోతు చెప్పడం. వాల్‌ఐ ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు ఎర అందుకుంటుందో తేల్చేది మాత్రం లోతు కంటే ఎక్కువగా వెలుగు. చోటు వెతికే విద్య గత వందేళ్లలో లోతువైపే ఒరిగిపోయి, వెలుగును దాదాపు వదిలేసిందని నా వాదన.

అడుగు కోసం పంపిన శబ్దానికి చేపలు వాటంతట అవే అడ్డం వచ్చాయి. ఓడల మీద లోతు కొలిచేవాళ్లకు అడుక్కీ ఉపరితలానికీ మధ్య అర్థంకాని గీతలు కనిపించసాగాయి. 1935లో నార్వే శాస్త్రవేత్త ఆస్కర్ సుండ్, లోఫోటెన్ తీరంలో కాడ్ చేపల గుంపు కాగితం మీద అలాంటి గీతగా నమోదైన బొమ్మను నేచర్ పత్రికలో ప్రచురించాడు. 1948లో జపాన్‌లో ఫురునో సోదరులు చేపలను చూపే యంత్రాన్ని వ్యాపారానికి పనికొచ్చేలా తెచ్చారు. అప్పటిదాకా ఇవి పెద్ద పడవలు మోయగల పరికరాలు. ట్రాన్సిస్టర్లు వచ్చి బరువు తగ్గాక, 1950ల చివర్లో అమెరికాలో కార్ల్ లోరెన్స్, అతని కొడుకులు కలిసి ఒక మనిషి చేత్తో పట్టుకెళ్లగల ఆకుపచ్చ పెట్టెను అమ్మకానికి పెట్టారు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఆ పెట్టే. దాని లోపల ఒక చక్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది, చక్రానికి ఒక నియాన్ దీపం. శబ్దం వెళ్లినప్పుడు సున్నా దగ్గర ఒక మెరుపు, అడుగు నుంచి తిరిగొచ్చినప్పుడు లోతు అంకె దగ్గర ఇంకో మెరుపు. ఈ రెంటి మధ్య సన్నటి మెరుపు మరొకటి కనిపిస్తే అది చేప కావచ్చు. తెరా లేదు, బొమ్మా లేదు. మెరుపు మందాన్ని బట్టి అడుగు గట్టినేలో బురదో మనిషే పోల్చుకోవాలి. యంత్రం సగం చెబితే మిగతా సగం మనిషి పూరించుకోవలసి వచ్చిన ఆ కాలం ఈ విద్యకు మంచి కాలమని నేను నమ్ముతాను. లోరెన్స్ కుటుంబం నీళ్లలో మునిగి చేపల తిరుగుడును స్వయంగా గమనించి ఒక లెక్క కూడా చెప్పింది: నూటికి తొంభై చేపలు పదో వంతు నీళ్లలోనే ఉంటాయట. అంకెలను అటూ ఇటూ సర్దినా, సరస్సులో ఎక్కువ భాగం ఖాళీ అన్నది గాలం వేసేవాళ్లందరూ ఒప్పుకునే మాట. మంచు మీద ఈ మాటకు ఇంకా బరువు ఎక్కువ. పడవలో ఉన్నవాడు చోటు మార్చుకుంటూ పోగలడు, మంచు మీద ఉన్నవాడు ప్రతిసారీ కొత్త బెజ్జం దొలవాలి.

ఆ దొలిచే శ్రమే పూర్వం చోటు ఎంపికను శాసించింది. మోటారు బర్మాలు రాకముందు పొడవాటి గునపంతో మంచును పొడిచి బెజ్జం చేసేవారు. అడుగున్నర మందం ఉన్న మంచులో ఒక్క బెజ్జానికే చేతులు నొప్పెట్టేవి. అందుకని ముందు ఆలోచన, తర్వాత గునపం. వేసవిలో పడవ మీద నుంచి తాడుకు సీసపు గుండు కట్టి నీటి అడుగున ఉన్న మిట్టను పోల్చుకునేవారు. ఒడ్డున ఒక చర్చి శిఖరాన్నీ దాని వెనకున్న చెట్టునూ ఒకే వరసలో పెట్టుకుని, ఇంకోవైపు మరో రెండు గుర్తులను పట్టుకుని, ఆ రెండు వరసలు కలిసే చోటును గుర్తుంచుకునేవారు. చలికాలంలో ఆ గుర్తుల ఆధారంగానే గునపం దిగేది. మంచు కూడా కొలతకు సాయపడింది. 1930లలో మిషిగన్ సరస్సులకు లోతు పటాలు గీసినప్పుడు సర్వే బృందాలు చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద వరసగా బెజ్జాలు చేస్తూ, గుండు వదులుతూ కొలిచాయి. పడవ గాలికి కొట్టుకుపోతుంది, మంచు కదలదు. ఈనాటి రంగురంగుల పటాలకు పునాది వేసినవాళ్లలో ఆ చలిలో నిలబడిన సర్వే కూలీలు కూడా ఉన్నారు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును తీసేసింది. దాంతో చోటు గుర్తు అంకెల్లోకి మారిపోయింది. ఒడ్డు వంక చూసే అవసరం పోయింది. ఒడ్డును చూడటం మానేసినవాడికి సూర్యుడు చెట్ల మీదకు వంగడం, నీడ సరస్సు మీద పాకడం కూడా కంటపడవు. అది చిన్న నష్టమేమీ కాదు.

వెలుగును లెక్కలోకి తీసుకున్నవాళ్లు ఇంకా ముందే ఉన్నారు. 1760లలో గ్రేట్ లేక్స్ ప్రాంతంలో తిరిగిన వర్తకుడు అలెగ్జాండర్ హెన్రీ, 1809లో న్యూయార్క్‌లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో మంచు మీద ట్రౌట్ చేపల వేటను వర్ణించాడు. వేటగాడు మంచులో పెద్ద బెజ్జం చేసి, దాని మీద కొమ్మలతో చిన్న గుడిసె కట్టి, తోళ్లు కప్పి వెలుగు రాకుండా మూసేస్తాడు. చెక్కతో చెక్కి సీసం నింపిన బొమ్మచేపను దారానికి కట్టి నీళ్లలో ఆడిస్తూ, పొడవాటి బల్లెం పట్టుకుని కాచుకుంటాడు. గుడిసె లోపల చీకటి. చుట్టూ ఉన్న మంచులోంచి వెలుగు నీళ్లలోకి దిగుతుంది. కంటికి నీటి మీద మెరుపు అడ్డురాదు కనుక కింద ఉన్నదంతా వెలిగించిన గదిలా కనిపిస్తుంది. గాజు లేకుండా, విద్యుత్తు లేకుండా నీళ్లలోకి చూసిన పద్ధతి ఇది. ఆ ప్రాంతపు మూలవాసులైన ఒజిబ్వే ప్రజలు ఇందులో ఆరితేరినవాళ్లు. వాల్‌ఐకి వాళ్లు వాడింది దీనికి తిరగేసిన పద్ధతి: వసంతంలో మంచు కరగగానే చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే రాత్రుల్లో, పడవ ముందు దివిటీ వెలిగించి, ఆ వెలుగుకు మెరిసే కళ్లను గురిచూసి బల్లెం వేయడం. విస్కాన్సిన్‌లోని ఒక సరస్సుకు ఫ్రెంచి వర్తకులు దివిటీల పేరే పెట్టారు. వాల్‌ఐ కంటి లోపల వెలుగును వెనక్కి తిప్పి కొట్టే పొర ఉంటుంది, రాత్రిపూట ఆవు కళ్లు మెరిసినట్టే ఇదీ మెరుస్తుంది. మసక వెలుగులో ఆ పొర దానికి రెండో అవకాశం ఇస్తుంది. దాని ముఖ్యమైన ఆహారం పసుపు పెర్చ్ చేపకు మసకలో చూపు ఆనదు. పొద్దువాలే గంట వాల్‌ఐకి భోజన వేళ అవడానికి కారణం ఇదే. దివిటీ పట్టుకున్న ఒజిబ్వే వేటగాడు ఈ కంటి గుణాన్ని శాస్త్రం రాయకముందే పనిలో పెట్టాడు. రాష్ట్ర చట్టాలు ఆ వేటను నేరమన్నాయి. 1983లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు, అమెరికా ప్రభుత్వంతో వాళ్లు చేసుకున్న పాత ఒప్పందాల కింద ఆ హక్కు ఇంకా ఉందని చెప్పాక కూడా, 1990ల ఆరంభందాకా పడవలు దించే రేవుల దగ్గర వాళ్ల మీద రాళ్లూ తిట్లూ పడ్డాయి. తరాల నాటి పరిశీలన మీద దొంగవేట అని ముద్ర వేసిన ఆ కాలం ఈ చరిత్రలో సిగ్గుపడాల్సిన భాగం.

వెలుగు విషయంలో హెన్రీ పుస్తకం తర్వాత వందేళ్లకు పైగా కాలం గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. వెలుగును కొలిచే పనిముట్టు మాత్రం ఆ మధ్యలోనే పుట్టింది, అదీ చేపలతో సంబంధం లేనివాడి చేతుల్లో. 1865 ఏప్రిల్‌లో ఏంజెలో సెచ్చి అనే క్రైస్తవ గురువు, ఖగోళ శాస్త్రవేత్త, పోప్ ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి ఒక తెల్లటి పళ్లేన్ని తాడుతో దించుతూ అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూశాడు. ఇప్పటికీ సరస్సుల నీటి తేటదనాన్ని దాంతోనే కొలుస్తారు. దాని పనితనం అంతా ఒక తాడు, ఒక పళ్లెం, ఒక జత కళ్లు. లోరెన్స్ పెట్టె లక్షల చేతుల్లోకి వెళ్లింది. ఈ పళ్లెం మాత్రం పరిశోధకుల దగ్గరా స్వచ్ఛంద కార్యకర్తల దగ్గరా ఉండిపోయింది. వాల్‌ఐ నడవడికకూ వెలుగుకూ ఉన్న సంబంధాన్ని కెనడాకు చెందిన ఆర్. ఎ. రైడర్ 1977లో వివరంగా రాశాడు. మంచు మీద కూర్చున్నవాడికి అందులో నేరుగా పనికొచ్చే సారం ఉంది: డిసెంబరులో పొడిమంచు పడని నల్లటి మంచుగడ్డ గాజులాంటిది, పగలు వెలుగు లోతుకు దిగుతుంది, చేప లోతుకు పోతుంది లేదా కదలకుండా పడి ఉంటుంది. అదే మంచు మీద అరడుగు పొడిమంచు పేరుకుంటే కింద చీకటి పడుతుంది. లోతు పటం ఏమీ మారకుండానే మంచి చోటు మారిపోయింది.

దీనికి పెద్ద ఆధారం మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సు. 1,32,000 ఎకరాల విస్తీర్ణం, లోతు ఎక్కడా 45 అడుగులు దాటదు, అడుగున మడ్‌ఫ్లాట్లు అని పిలిచే బురద మిట్టలు, రాతి గుట్టలు. ఆ రాష్ట్రంలో వాల్‌ఐ వేటకు దీనికి మించిన పేరున్న చోటు అరుదు. 1837 ఒప్పందం కింద ఒజిబ్వే బృందాలకు అక్కడ చేపల హక్కు ఉందని 1999లో సుప్రీంకోర్టు తేల్చాక, పట్టే చేపల కోటాను రాష్ట్రమూ బృందాలూ కలిసి పంచుకుంటున్నాయి. ఆ తర్వాత చేపలు తగ్గుతూ వచ్చి, 2015 ఆగస్టులో వాల్‌ఐ వేటను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. చాలామంది వేళ్లు ఒజిబ్వే వలల వైపు చూపాయి. కానీ మిట్టలు, గుట్టలు, లోతు ఏవీ మారలేదు, మారింది నీటి తేటదనం. 1980ల నుంచి నీళ్లు తేటబడుతూ వచ్చాయి, 2005లో జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాక వడపోత ఇంకా పెరిగింది. పరిశోధకులు సరస్సులో వాల్‌ఐకి సరిపడే ఉష్ణోగ్రత, మసక వెలుగు రెండూ కలిసే చోటు విస్తీర్ణాన్ని లెక్కగట్టినప్పుడు అది కుంచించుకుపోయిందని తేలింది. యాభై ఏళ్ల కిందటి లోతు పటంలోని మిట్టలు నేటికీ ఉన్నాయి, వాటి మీద చేప నిలిచే గంటలు తగ్గిపోయాయి.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు అదే రాష్ట్రంలో ఉన్న అప్పర్ రెడ్ లేక్‌ను చూపిస్తారు. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా వాల్‌ఐ ఎర అందుకుంటుంది, వెలుగు సిద్ధాంతం ఏమైంది అని. ఆ సరస్సు లోతు 20 అడుగుల లోపే, అడుగు దాదాపు చదును, నీళ్లు టీ రంగులో ఉంటాయి. పగలు కూడా కింద మసకే. పటం మీద చూపడానికి గుట్టలు లేని చోట కూడా చేప దొరుకుతోందంటే, అది లోతు పక్షానికి కాదు, వెలుగు పక్షానికే సాక్ష్యం. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 1980లలో డేవ్ జెంజ్ అనే వేటగాడు మడిచి లాక్కెళ్లే గుడారాన్నీ పెట్టెలో పెట్టిన వెక్సిలార్ అనే ప్రతిధ్వని యంత్రాన్నీ కలిపి, ఒకే బెజ్జం దగ్గర కూర్చోవడం మానేసి తిరుగుతూ వెతకమని నేర్పాడు. ఆ యంత్రం మీద గట్టి ప్రతిధ్వని ఎర్రగా, బలహీనమైనది ఆకుపచ్చగా కనిపిస్తుంది. గోరంత ఎర కూడా ఒక గీతగా కనబడి, దాని కింద నుంచి ఇంకో గీత పైకి లేస్తే చేప వస్తోందని తెలిసిపోతుంది. 2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ అనే యంత్రం వచ్చాక చేప ఈదడం సినిమాలాగా కనిపిస్తోంది. చేపే కనిపిస్తుంటే చోటు ఎందుకు, వెలుగు ఎందుకు? ఈ వాదనలో నిజం ఉంది, ఖాళీ నీళ్ల మీద గంటలు గడిపే బాధ తగ్గిందని ఒప్పుకోవాలి. కానీ యంత్రం చూపించేది ఆ క్షణంలో ఆ దిక్కున ఉన్న చేపను. అది సాయంత్రం ఎక్కడికి వెళుతుందో, మధ్యాహ్నం ఎరను చూసి కూడా ఎందుకు కదలడం లేదో చెప్పదు. తెర మీద చేపలు నిండుగా ఉండి ఒక్కటీ అందుకోని మధ్యాహ్నాలు ఈ వేటగాళ్లకు బాగా తెలిసినవే. పైగా చేపను చోటు నుంచి చోటుకు వెంటాడితే దానికి దాక్కునే నీరు మిగలదు. తిరగడం నేర్పిన యంత్రాల వల్ల జరిగిన మేలు కంటే నిలకడ పోవడం వల్ల జరిగిన నష్టం పెద్దదని నేను అనుకుంటాను, ఎందుకంటే ఒకే మిట్ట అంచున రోజంతా కూర్చున్నవాడికి మాత్రమే వెలుగు తగ్గేకొద్దీ చేప పైకి ఎక్కే క్రమం తెలుస్తుంది.

దీనికి పరిష్కారం యంత్రాన్ని నిషేధించడం కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఉపగ్రహ చిత్రాల నుంచి వేలాది సరస్సుల నీటి తేటదనాన్ని దశాబ్దాలుగా లెక్కగడుతోంది, లోతు పటాలు ఎలాగూ ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేసి, పక్కన ఆ వారం మంచు మీద పొడిమంచు ఎంత ఉందో రాసుకోవడానికి గళ్లు ఇస్తే చాలు. 12 అడుగుల మిట్ట తేట నీటిలో పొద్దుగూకాక ఒక గంటకే చోటు అవుతుందనీ, మురికి నీటిలో మధ్యాహ్నానికే చోటు అవుతుందనీ గాలం పట్టుకున్న పదేళ్ల పిల్ల కూడా ఆ కాగితం చూసి చెప్పగలుగుతుంది.