ముఖ్యమంత్రి పక్కన నల్లకోటు

బెంగళూరులో ముఖ్యమంత్రి కుర్చీ కదిలిన ప్రతిసారీ అందరి చూపూ రాజభవన్ మీదో, ఢిల్లీ అధిష్ఠానం మీదో ఉంటుంది. విధానసౌధకు ఎదురుగా, రోడ్డుకు అవతల ఎర్రరంగు హైకోర్టు భవనంలో కూర్చునే అడ్వకేట్ జనరల్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గత యాభై ఏళ్ల కర్ణాటక కుంభకోణాలను వరసపెట్టి చూస్తే మాత్రం ఏదో ఒక మలుపులో ఆ కుర్చీలో కూర్చున్నవారో, కూర్చుని లేచినవారో తగులుతూనే ఉంటారు.

రాజ్యాంగం 165వ అధికరణం ఈ పదవి గురించి చెప్పింది కొద్దిగానే. హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హతలుండాలి. గవర్నర్ నియమిస్తారు, గవర్నర్‌కు ఇష్టమున్నంత కాలం ఉంటారు. 177వ అధికరణం ప్రకారం శాసనసభలో మాట్లాడవచ్చు కానీ ఓటు లేదు. కాగితం మీద గవర్నర్ పేరున్నా మనిషిని ఎంచుకునేది ముఖ్యమంత్రే. ముఖ్యమంత్రి దిగిపోతే అడ్వకేట్ జనరల్ (ఏజీ) కూడా రాజీనామా ఇచ్చి వెళ్లడం ఆనవాయితీ. మరి ఆ ముఖ్యమంత్రి మీదే ఆరోపణ వస్తే? తనను తెచ్చి కూర్చోబెట్టిన మనిషి, తాను వకాల్తా పట్టిన రాష్ట్రం ఎదురుబొదురుగా నిలబడితే?

ఈ చిక్కు అమెరికాలో ఒకసారి వీధికెక్కింది. వాటర్‌గేట్ మంట ముదురుతుండగా 1973 మేలో నిక్సన్ కొత్త అటార్నీ జనరల్‌గా ఇలియట్ రిచర్డ్‌సన్‌ను తెచ్చుకున్నారు. ప్రత్యేక ప్రాసిక్యూటర్ స్వేచ్ఛకు అడ్డురానని సెనెట్‌కు మాటిచ్చాకే ఆయనకు ఆ పదవి దక్కింది. అక్టోబరు 20న ఆ ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తీసెయ్యమని అధ్యక్షుడు ఆదేశిస్తే రిచర్డ్‌సన్ రాజీనామా చేశారు, ఆయన కింది అధికారీ ఒప్పుకోలేదు, మూడో మనిషి సంతకం పెట్టాడు. అక్కడి అటార్నీ జనరల్ చేతిలో ఒక శాఖ ఉంటుంది, దేశమంతటా ప్రాసిక్యూటర్లుంటారు. మన ఏజీకి పోలీసూ లేదు, శాఖా లేదు. ఉన్నదల్లా ఫైలు మీద రాసే అభిప్రాయం, కోర్టులో గొంతు. కాదంటే చేతిలో రాజీనామా కాగితం.

కర్ణాటకలో ఈ కథకు తొలి ఘట్టం 1977. ఎమర్జెన్సీ పోయి ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చింది. బెంగళూరులో మాత్రం కాంగ్రెస్ ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్. ఆయన మీది ఆరోపణలపై కేంద్రం జస్టిస్ ఎ.ఎన్. గ్రోవర్ కమిషన్ వేసింది. ముఖ్యమంత్రిని విచారించే కమిషన్‌ను రాష్ట్ర ప్రభుత్వమే ప్రశ్నించింది. 131వ అధికరణం కింద సుప్రీంకోర్టులో దావా వేసింది. 1977 నవంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో దాన్ని కొట్టేసింది. ఆరోపణ ఒక మనిషి మీద, వాదించింది రాష్ట్రం మొత్తం. ఈ అతుకు అప్పుడే కనిపించాల్సింది. కానీ అప్పటి చర్చంతా కేంద్రం–రాష్ట్రం హక్కుల చుట్టూ తిరిగింది. డిసెంబరు 31న అర్స్ ప్రభుత్వం రద్దయింది, రెండు నెలలు తిరగకుండానే ఆయన ఎన్నికల్లో గెలిచి వచ్చారు. గెలిచినవాణ్ణి వకీలు సంగతి ఎవరడుగుతారు?

ఇక్కడ మన తెలుగు ముఖ్యమంత్రిని ఒకరిని తలచుకోవాలి. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో నీలం సంజీవరెడ్డి మీద దురుద్దేశం అంటగట్టే ఆరోపణలున్నాయి. వాటిని తోసిపుచ్చుతూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వెయ్యలేదు, ఆ మౌనాన్నే సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. ఒక్క అఫిడవిట్ వేయించాలా వద్దా అన్న సలహా ఎంత బరువైనదో ఆ కేసు చెబుతుంది. ఆ తర్వాత రాష్ట్రపతి దాకా ఎదిగిన ఆయన చివరికి కన్నుమూసింది ఈ బెంగళూరులోనే, 1996లో.

కోర్టు మాటకు కుర్చీ దిగే ఆ అలవాటు బెంగళూరులో మరోసారి కనిపించింది రామకృష్ణ హెగ్డే హయాంలో. 1986 ఫిబ్రవరిలో సారా బాట్లింగ్ కాంట్రాక్టుల విషయంలో హైకోర్టు ఆయన ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. హెగ్డే రాజీనామా ఇచ్చారు, మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. మళ్లీ 1988లో ఫోన్ ట్యాపింగ్ వ్యవహారం. ఈసారి ఆగస్టులో నిజంగానే దిగిపోయారు. విలువల రాజకీయం అని పేరు పడ్డ నాయకుడి ప్రభుత్వం రెండుసార్లు ఇలా ఇరుక్కుంది. ఆ కాలమంతా, అంటే 1984 ఫిబ్రవరి నుంచి 1988 ఆగస్టు వరకు, అడ్వకేట్ జనరల్ ఎన్. సంతోష్ హెగ్డే. ముఖ్యమంత్రితో పాటే ఆయనా ఆ పదవి వదిలారు.

సంతోష్ హెగ్డే ఇంటి నేపథ్యం గురించి ఒక ముక్క. తండ్రి కె.ఎస్. హెగ్డే సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 1973లో ఇందిరా గాంధీ ప్రభుత్వం ఆయన్ను, మరి ఇద్దరిని పక్కనపెట్టి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేస్తే ముగ్గురూ రాజీనామా చేశారు. ఆ తండ్రే తర్వాత లోక్‌సభ స్పీకర్ అయ్యారు. అధికారం న్యాయవ్యవస్థను ఎలా వంచుతుందో భోజనాల దగ్గర విని పెరిగిన ఇల్లు అయుంటుందని నా ఊహ.

రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం తెచ్చిన 1984 చట్టంతోనే కర్ణాటకలో లోకాయుక్త పుట్టింది. ఆ చట్టం వచ్చినప్పుడు ఏజీగా ఉన్న మనిషే, సొలిసిటర్ జనరల్ అయ్యి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యి, 2006లో తిరిగొచ్చి అదే లోకాయుక్త కుర్చీలో కూర్చున్నారు. మధ్యలో 2004లో ఆయన అధ్యక్షతన కూర్చున్న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మధ్యప్రదేశ్ కేసులో ఒక తీర్పిచ్చింది. మంత్రులను ప్రాసిక్యూట్ చేయడానికి అనుమతించే విషయంలో, మంత్రివర్గం సలహా పక్షపాతంతో ఉందనిపిస్తే గవర్నర్ సొంత విచక్షణ వాడవచ్చన్నది దాని సారం. మామూలుగా గవర్నర్ మంత్రివర్గం గీసిన గీత దాటకూడదు, అదే వలస పాలన నాటి పెత్తనం తిరిగిరాకుండా ఉండే కట్టుబాటు. కానీ దొంగే తాళం చెవి పట్టుకున్నప్పుడు ఆ కట్టుబాటు ఎవరికి కాపలా అన్న ప్రశ్నకు ఆ తీర్పు సమాధానం. అప్పుడది భోపాల్ సంగతి. దాని దెబ్బ ఎక్కువగా తగిలింది బెంగళూరుకే.

2011 జనవరి 21న గవర్నర్ హెచ్.ఆర్. భరద్వాజ్, భూముల డీనోటిఫికేషన్ వ్యవహారాల్లో ముఖ్యమంత్రి యడియూరప్పను ప్రాసిక్యూట్ చేయడానికి అనుమతిచ్చారు. వద్దని మంత్రివర్గం చెప్పినా ఆగలేదు. అప్పటికే ఇనుప ఖనిజం అక్రమ తవ్వకాల సంగతి పొగలు కక్కుతోంది. అంతకు ముందు ఏడాది బేలెకేరి రేవు నుంచి జప్తు చేసిన ఖనిజం మాయమైన వ్యవహారంలో సంతోష్ హెగ్డే లోకాయుక్త పదవికి రాజీనామా చేసి, అద్వానీ కోరితే వెనక్కి తీసుకున్నారు. 1986లో తన ముఖ్యమంత్రి చేసినట్టే! ఇద్దరి కారణాలూ వేరు, చేసిన పని మాత్రం ఒకటే. ఆ వెనక్కి తీసుకోవడమే లేకపోతే 2011 జులై 27 నాటి నివేదిక ఉండేది కాదు. 2006–2010 మధ్య అక్రమ తవ్వకాల వల్ల ఖజానాకు 16,085 కోట్ల నష్టమని అందులో లెక్క. జులై 31న యడియూరప్ప రాజీనామా. సెప్టెంబరు 5న బళ్లారిలో గనుల యజమాని గాలి జనార్దన రెడ్డిని సీబీఐ అరెస్టు చేసి హైదరాబాద్ తీసుకెళ్లింది. ఆయన గనులున్న ఓబుళాపురం అనంతపురం జిల్లాది కనుక ఈ కథలో మన వాటా చిన్నదేం కాదు. నివేదిక ఆధారంగా పెట్టిన కేసును 2012 మార్చిలో హైకోర్టు కొట్టేసిందని, ముడుపుల కేసులో 2016లో సీబీఐ కోర్టు యడియూరప్పను నిర్దోషిగా తేల్చిందని కూడా ఇదే ఊపిరిలో చెప్పాలి. నివేదిక వేరు, నేరనిరూపణ వేరు.

ఆ అల్లకల్లోలం తర్వాత వచ్చిన సదానంద గౌడ ప్రభుత్వం కొత్త ఏజీ కోసం పాత కాపునే వెతుక్కుంది. బి.వి. ఆచార్య అప్పటికే నాలుగుసార్లు ఆ పదవి చేసినవారు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి బెంగళూరు బార్‌లో పెద్దరికం సంపాదించిన మనిషి. మసిపట్టిన ఇంటికి సున్నం వెయ్యాలంటే పేరున్న మేస్త్రీ కావాలి కదా. కానీ ఆయన చేతిలో అప్పటికే ఇంకో పని ఉంది. జయలలిత ఆదాయానికి మించిన ఆస్తుల కేసును 2003లో సుప్రీంకోర్టు చెన్నై నుంచి బెంగళూరుకు మార్చింది. 2005 నుంచి అందులో ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆచార్యే. పొరుగు రాష్ట్రంలో అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి మీద కేసు నడిపేవాడు, ఈ రాష్ట్ర ముఖ్యమంత్రికి న్యాయ సలహాదారు కూడా కావడం ఏమిటన్న ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది. 2012 ఫిబ్రవరిలో ఆయన తేల్చుకున్నారు. వదిలింది ఏజీ పదవిని, ఉంచుకున్నది ప్రాసిక్యూటర్ పనిని. రాష్ట్రంలో న్యాయవాదికి దక్కగలిగే పెద్ద పదవిని ఒక ట్రయల్ కోసం వదిలేయడం మామూలు సంగతి కాదు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లకి దాని బరువు ఇంకా బాగా తెలుస్తుంది. ఆగస్టులో ఆ రెండోదీ వదిలేశారు.

కేసు మాత్రం ఆయన్ను వదల్లేదు. 2014 సెప్టెంబరు 27న ప్రత్యేక న్యాయమూర్తి మైకేల్ డి'కున్హా జయలలితకు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేశారు. హైకోర్టు అప్పీలులో ప్రాసిక్యూటర్‌ను నియమించే హక్కు తమిళనాడుకు లేదని, కర్ణాటకకే ఉందని 2015 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చగానే మళ్లీ ఆచార్యే వచ్చారు. మే 11న హైకోర్టు జయలలితను నిర్దోషిగా వదిలేసింది. ఇప్పుడు అప్పీలుకు వెళ్లాలా వద్దా? సిద్ధరామయ్య ప్రభుత్వానికి అది తలనొప్పే. కావేరి నీళ్ల పేచీ ఉన్న పొరుగుతో కొత్త తగవు ఎందుకని అనుకోవడానికి వీలుంది. అప్పటి అడ్వకేట్ జనరల్ ప్రొఫెసర్ రవివర్మ కుమార్ అప్పీలు చేయాల్సిందేనన్నారు, ఆచార్య మాటా అదే. జూన్ 1న మంత్రివర్గం ఒప్పుకుంది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పును నిలబెట్టేనాటికి జయలలిత లేరు, ఆమెతో పాటు దోషిగా తేలిన సన్నిహితురాలు శశికళ మాత్రం బెంగళూరు పరప్పన అగ్రహార జైలుకు వెళ్లాల్సి వచ్చింది. ఏజీ అభిప్రాయం అన్న నాలుగు కాగితాలకు ఇంతకంటే బరువు నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఢిల్లీ ఇదే కాలంలో వేరే దృశ్యం చూసింది. 2013లో 2జీ కేసు విచారణలో పదవిలో ఉన్న అటార్నీ జనరల్ వాహన్‌వతి సాక్షి బోనెక్కారు. బొగ్గు కేసులో సీబీఐ నివేదికను కోర్టు కన్నా ముందే చూశారన్న గొడవలో న్యాయశాఖ మంత్రి తన పదవి పోగొట్టుకున్నారు. దాంతో పోలిస్తే బెంగళూరు నయమే అనాలి.

నయం అన్నంత మాత్రాన మెచ్చుకోలు కాదు. 2016లో సిద్ధరామయ్య ప్రభుత్వం అవినీతి నిరోధక విభాగం అని వేరే ఏసీబీ పెట్టి లోకాయుక్త పోలీసుల చేతులు కట్టేసింది. ఆ ఉత్తర్వును 2022 ఆగస్టులో హైకోర్టు రద్దు చేసింది. రెండేళ్లకు, మైసూరు నగరాభివృద్ధి సంస్థ స్థలాల వ్యవహారంలో అదే సిద్ధరామయ్య మీద ఎఫ్ఐఆర్ నమోదు చేసింది అదే లోకాయుక్త పోలీసులు.

ఆ కేసు హైకోర్టు వాదోపవాదాలు ఈ యాభై ఏళ్ల కథనంతా ఒక గదిలోకి తెచ్చాయి. 2024 ఆగస్టులో గవర్నర్ థావర్‌చంద్ గెహ్లాట్ విచారణకు అనుమతిచ్చారు. మంత్రివర్గం వద్దన్నా 2004 తీర్పే ఆయనకు ఆధారం. ముఖ్యమంత్రి సవాలు చేశారు. రాష్ట్రం తరఫున అడ్వకేట్ జనరల్ శశికిరణ్ శెట్టి. ముఖ్యమంత్రి తరఫున అభిషేక్ మను సింఘ్వీ, ఆయనతో పాటు మాజీ ఏజీ రవివర్మ కుమార్. ఫిర్యాదుదారుల్లో ఒకరి తరఫున ఇంకో మాజీ ఏజీ ప్రభులింగ్ నావదగి. గవర్నర్ తరఫున సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా. సంతోష్ హెగ్డే ఆ గదిలో లేరు, ఆయన ధర్మాసనం తీర్పు మాత్రం ప్రతి వాదనలోనూ ఉంది. సెప్టెంబరు 24న జస్టిస్ ఎం. నాగప్రసన్న పిటిషన్ కొట్టేశారు. ఆధారాలు లేవంటూ 2025 ఫిబ్రవరిలో లోకాయుక్త పోలీసులు నివేదిక ఇచ్చారు.

ఆ వరసలో నాకు మేలనిపించింది ఒక్కటే. ముఖ్యమంత్రికి వేరే వకీలు, రాష్ట్రానికి వేరే వకీలు. 1977లో అర్స్ కేసులో కలిసిపోయి ఉన్న ఆ రెండూ ఇక్కడ కనీసం పేరుకైనా విడిపోయాయి. వాదన మాత్రం ఇంకా విడిపోలేదు. రాష్ట్రం వకీలూ, ముఖ్యమంత్రి వకీలూ గవర్నర్‌ది తప్పనే అన్నారు. రాష్ట్రం ప్రయోజనం ముఖ్యమంత్రి ప్రయోజనానికి ఎదురుగా నిలబడినప్పుడు ఆ మాట కోర్టులో పైకి చెప్పిన కర్ణాటక ఏజీ నాకు ఇంకా తారసపడలేదు.