పొలం మారితే పేరు మారేది

1854లో నార్వే పశ్చిమ ప్రాంతంలోని ఫెయోస్ అనే చిన్న ఊరి నుంచి ఒక జంట అమెరికాలోని విస్కాన్సిన్‌కు వలస వెళ్లింది. ఆయన ఓలె ఓల్సన్ దీబెవిగ్, ఆవిడ సోల్వేగ్ తోమస్‌దత్తర్ రిందె. మన గోధుమ చేల దిగుబడిని మార్చేసిన నార్మన్ బోర్లాగ్ వాళ్ల మునిమనవడు. 1970 నోబెల్ శాంతి బహుమతిని ఆయన ముత్తాతల దేశంలోనే, ఓస్లోలో అందుకున్నాడు. అయితే ఆ ముత్తాత పేరులో గానీ ముత్తవ్వ పేరులో గానీ బోర్లాగ్ అన్న మాటే లేదు. అంతెందుకు, ఆలుమగలిద్దరికీ ఒకే ఇంటిపేరు లేదు.

నార్వే పల్లెల్లో అది మామూలే. ఓల్సన్ అంటే ఓలె కొడుకు, తోమస్‌దత్తర్ అంటే తోమస్ కూతురు. పెళ్లయినంత మాత్రాన తండ్రి మారడు కాబట్టి ఆడవాళ్లు తండ్రి పేరుతోనే ఉండేవారు. చివరి మాటేమో పుట్టిన లేదా కాపురం ఉంటున్న పొలం పేరు. అక్కడ ప్రతి కమతానికీ ఒక పేరుండేది. ఇల్లూ పశువుల కొట్టమూ దాని కిందికే వచ్చేవి. ఆ కమతం వదిలి మరో చోటికి మారితే పేరూ మారేది. ఇల్లరికం వెళ్లిన అల్లుడికి భార్య పొలం పేరు వచ్చేది. భూమి లేక అదే కమతంలో గుడిసె వేసుకున్న పాలేరునూ ఆ పేరుతోనే రాసేవారు. మన ఇంటిపేర్లలోనూ ఊళ్ల పేర్లు కొల్లలు. కానీ మనవాళ్లు ఊరు వదిలినా పేరు వదల్లేదు. అక్కడ అది వంశం పేరు కాదు, చిరునామా. పేరు కలిసిందని చుట్టరికం కలిపేసుకునేవాళ్లు దారి తప్పేది ఇక్కడే.

1920లో సాహిత్య నోబెల్ పొందిన క్నూత్ హామ్సున్ పుట్టినప్పుడు క్నూద్ పెదర్సన్. చిన్నప్పుడు కుటుంబం ఉత్తరాన హమ్సుంద్ అనే కమతానికి చేరింది. ఆ పేరే పెట్టుకుని రాస్తుంటే అచ్చులో చివరి అక్షరం ఎగిరిపోయిందట. ఆయన దాన్నలాగే ఉంచేసుకున్నాడు.

పట్టణాల్లో స్థిరమైన ఇంటిపేర్లు ముందే వచ్చినా, అందరికీ తప్పనిసరి చేసింది 1923 నాటి చట్టం. హాన్సన్, ఓల్సన్ లాంటివి వంశనామాలుగా నిలిచిపోయిందీ ఇలాగే. ఈలోగా దేశం సగం ఖాళీ అయిందా అన్నంతగా వలసలు సాగాయి. 1825 జులై 4న స్టావాంగర్ రేవు నుంచి 'రెస్టౌరాషూన్' అనే చిన్న ఓడలో 52 మంది బయల్దేరారు; దారిలో ఒక పాప పుట్టింది. ఆ తర్వాతి వందేళ్లలో దాదాపు 8 లక్షల మంది అట్లాంటిక్ దాటారు. అక్కడ శాశ్వతంగా ఒక పేరు కావాల్సి వచ్చినప్పుడు కొందరు తండ్రి పేరును పట్టుకున్నారు, కొందరు పొలం పేరును. ఒక తల్లి బిడ్డలే వేర్వేరు ఇంటిపేర్ల వాళ్లయ్యారు.

కాబట్టి నార్వేలో పూర్వీకుల జాడ తీసేవాళ్లు వెతకాల్సింది ముందు ఊరిని, తర్వాతే మనిషిని. వలస వచ్చినవాళ్లు అమెరికాలో కట్టుకున్న లూథరన్ చర్చి పుస్తకంలో సొంత ఊరి పారిష్ (చర్చి పరిధి) పేరు దొరికితే సగం పని అయినట్టే. నార్వే పారిష్ రిజిస్టర్లలో బాప్తిస్మం, పెళ్లి, ఖననం మాత్రమే కాదు, ఊరు విడిచి వెళ్లినవాళ్ల జాబితాలూ ఉంటాయి. 1801, 1865 జనగణనల్లో ఊరూరా పేర్లున్నాయి; మధ్యలో జరిగినవి చాలావరకు ఉత్త అంకెలే. 1865లోనైతే మనుషులతో పాటు ఆవుల్నీ గొర్రెల్నీ, చల్లిన విత్తనాల్నీ లెక్కరాశారు! ఇవన్నీ జాతీయ ఆర్కైవ్స్ వారి 'డిజిటాల్‌ఆర్కివే' వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పాత గోథిక్ చేతిరాత, డేనిష్ భాష మాత్రం ఓపికను పరీక్షిస్తాయి. ఒకే పొలం పేరును ఒక్కో పాస్టరు ఒక్కోలా రాశాడు. అందుకే ఓలుఫ్ రీగ్ పాత రాతలన్నీ చేర్చి కూర్చిన పొలం పేర్ల సంపుటాలు, 1897 నుంచి వెలువడినవి, నేటికీ పక్కన ఉండాల్సిందే.

అన్నిటికన్నా నాకు ముచ్చటగా తోచిన ఆధారం పిల్లల పేర్లు. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ. తాతలిద్దరూ ఓలెలైతే ఒకే ఇంట్లో ఇద్దరు ఓలెలు పెరిగేవారు. రెండో పెళ్లి చేసుకున్నవాడు తొలి కూతురికి చనిపోయిన భార్య పేరు పెట్టేవాడు. రిజిస్టరులో అలాంటి పాప కనబడితే, కొన్ని పేజీలు వెనక్కి తిప్పి ఖననాల పట్టీ చూడటం మంచిది.