బ్రేకు ఉంది, కానీ చక్రం దాకా రాలేదు

ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న రోజే బయాలజీకి దణ్ణం పెట్టేశాను. అయినా ఈ కథ మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నా. మేం ఆఫీసులో రోజూ పడే పాట్లలాగే ఉంది మరి: కోడ్‌లో తప్పు లేదు, బిల్డ్ బాగానే అయింది, తీరా చూస్తే సర్వర్ మీద ఫైలు లేదు!

మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాలు అదుపు తప్పకుండా ఒక బ్రేకు ఉంది. పేరు సీటీఎల్ఏ-4. 1987లో దీని జన్యువు దొరికినప్పుడు అదేం చేస్తుందో ఎవరికీ తెలీదు. 1995లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలు మూడు నాలుగు వారాలకే చచ్చిపోయాయి. సొంత టీ కణాలే గుండె మీద పడ్డాయి పాపం. ఈ బ్రేకుని కావాలనే వదులు చేసి కేన్సర్ మీదకి ఉసిగొల్పిన జేమ్స్ ఆలిసన్‌కి 2018లో నోబెల్ వచ్చింది. అది అందరికీ తెలిసిన కథే.

తమాషా ఏంటంటే, పని చెయ్యాల్సింది కణం పైభాగాన, కానీ ఈ ప్రోటీన్ ఎక్కువగా ఉండేది కణం లోపలి చిన్న చిన్న సంచుల్లో. పైకొస్తుంది, మళ్ళీ లోపలికి పోతుంది. అక్కణ్ణించి రెండు దార్లు: తిరిగి పైకి, లేదా లైసోజోమ్ అనే చెత్తకుండీలోకి.

2012లో ఎల్ఆర్‌బీఏ అనే జన్యువు పాడైన పిల్లల గురించి పేపర్లొచ్చాయి. యాంటీబాడీలు తక్కువ, పైగా ఒళ్ళు తన మీద తానే యుద్ధం. కారణం అంతుపట్టలేదు. అలాంటి రోగులకి అబటాసెప్ట్ ఇస్తే ఆశ్చర్యంగా కోలుకున్నారు. అది 2005లో అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతి పొందిన మందు. సీటీఎల్ఏ-4 బయటి ముక్కకి యాంటీబాడీ ముక్క అతికించి చేసింది. జన్యువొకటి పాడైతే ఇంకోదాని మందు ఎందుకు పనిచేసినట్టు?

ఎల్ఆర్‌బీఏకి పోలికలున్న ప్రోటీన్లు కణంలో సరుకు రవాణా చూసేవి. ఆ రెండూ కలిపి ఆలోచించిన వాళ్ళు 2015లో సైన్స్ పత్రికలో జవాబు రాశారు. సీటీఎల్ఏ-4ని చెత్తకుండీలో పడకుండా ఆపేది ఎల్ఆర్‌బీఏనే! అది లేకపోతే శుభ్రంగా తయారైన బ్రేకు తిన్నగా చెత్తలోకే. లైసోజోమ్ పనిని అడ్డుకునే క్లోరోక్విన్ (అవును, మలేరియా మాత్రే) ఆ రోగుల కణాలకి కలిపితే సీటీఎల్ఏ-4 నిలిచింది.

ప్యాచ్ ముందు, రూట్ కాజ్ తర్వాత అన్నమాట. మా మేనేజర్ వింటే ఒప్పుకోడు. అబటాసెప్ట్ జన్యువుని బాగుచెయ్యదు కాబట్టి ఇస్తూనే ఉండాలి. కొంతమంది పిల్లలకి మూలుగ మార్పిడి కూడా చేశారు.